దివిటీల కాలం

జనవరి 9, మంగళవారం

మొదటి సినిమా అయింది. సగం ఏమీ కనపడలేదు.

ఆ కాలంలో కరెంటు లేదు, ఒప్పుకుంటాను. సినిమా తీసినవాడికి ఉంది కదా! రెండు లైట్లు ఎక్కువ వేసుకుంటే ఏం పోయింది? శత్రువులు సొరంగంలోంచి కోటలోకి చొరబడే సీను పది నిమిషాలుంది. ఆ పది నిమిషాలూ నల్లటి తెర మీద రెండు దివిటీలు ఊగడం, కత్తుల చప్పుడు, ఎవడో చచ్చే అరుపు. ఎవడు చచ్చాడో దేవుడికే తెలియాలి.

ఈ టర్ములో పది మంగళవారాలు మేడమ్ పది సినిమాలు చూపిస్తారట. అన్నీ మధ్యయుగం కథలే. చూసిన మర్నాడు ఒక పేజీ రాసివ్వాలి. "కథ రాయకండి, అది నాకు తెలుసు. చూస్తుంటే మీకేమనిపించిందో రాయండి. నన్ను మెప్పించాలని మాత్రం రాయకండి" అన్నారు. ఆమె కింద పాత రాతప్రతుల మీద రీసెర్చికి ఒక్కటే సీటు ఉంది. ఈ పేజీలు చూసే ఇస్తారని అందరికీ తెలుసు. కాబట్టి అందరం మెప్పించాలనే రాస్తాం.

జనవరి 10

పేజీ దంచేశాను. ఆ కాలపు మనిషి ఎంత చీకట్లో బతికాడో డైరెక్టరు మనకి రుచి చూపించాడని రాశాను.

జనవరి 11, గురువారం

నాన్న నడుము మళ్ళీ పట్టేసింది. లాండ్రీ వ్యాను సాయంత్రం ట్రిప్పులు గురువారం, శనివారం ఇంక నేనే నడపాలి. హోటళ్ళ నుంచి మాసిన దుప్పట్లు ఎత్తుకొచ్చి లాండ్రీలో పడెయ్యడం, అంతే పని.

ముందు అద్దం బాగా మురికి పట్టింది. మూడుసార్లు ఆపి తుడిచాను. ఎదురుగా వచ్చే ప్రతివాడూ హెడ్‌లైట్లు మన కళ్ళల్లోకే కొడుతున్నాడు. వీళ్ళకి లైసెన్సులు ఎవరిచ్చారో.

జనవరి 16, మంగళవారం

అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికే హాల్లో లైట్లు తీసేశారు. ఖాళీ కుర్చీ అనుకుని లైబ్రేరియన్ ఒళ్ళో కూర్చున్నాను. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఈసారి మఠం కథ. కొవ్వొత్తి ముందు కూర్చుని పాత పుస్తకాలకి నకళ్ళు రాసే ముసలి సన్యాసి. అతని వేళ్ళు, కలం, సిరా తడి ఆరకముందు అక్షరం మెరవడం, అన్నీ చక్కగా కనిపించాయి. నాకు కావలసిన బతుకు అదే. ఒక గది, ఒక బల్ల, ఎవడో ఆరువందల ఏళ్ళ కిందట రాసిన పేజీ.

బయటికొచ్చాక పొడుగు అడిగాడు. (వాడి అసలు పేరు మా క్లాసులో ఎవరికీ గుర్తులేదు.)

"ఒరేయ్, వెనకాల నిలబడ్డవాడే విషం పెట్టాడని నీకెప్పుడు తెలిసింది?"

"ఏ వెనకాల?"

"అదేంట్రా, సినిమా అంతా ముసలాయన వెనకాలే ఉన్నాడు కదా!"

"ఆఁ, వాడా. మొదట్లోనే తెలిసిపోయింది."

జనవరి 17, బుధవారం

ప్రతి బుధవారం సాయంత్రం మావయ్య ఆఫీసు నుంచి రాగానే ఆయనకి సినిమా కథ చెప్పాలి. అమ్మకి తమ్ముడు, మా ముందుగదిలో ఉంటాడు. ముప్ఫై ఏళ్ళకే చూపు పోయింది. విషజ్వరం వచ్చి పోయిందని అమ్మ చెబుతుంది. నీళ్ళ ఆఫీసులో ఫోను దగ్గర ఉద్యోగం. ఊళ్ళో ఎక్కడ పైపు పగిలినా ముందు తిట్లు తినేది ఆయనే. సినిమాలంటే ఇప్పటికీ పిచ్చి.

విషం పెట్టినవాణ్ణి నేను చూడలేదు కదా. చెంప మీద ఒక గాటు పెట్టాను. కుంటేలా చేశాను.

"కుంటుతాడా?" అన్నాడు మావయ్య.

"కొంచెం."

"పాపం" అన్నాడు.

జనవరి 23, మంగళవారం

రాజు తన తమ్ముడి కళ్ళు పొడిపించాడు. ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో. హాల్లో సగం మంది మొహాలు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేదు. మంట పక్కనే జరిగింది కాబట్టి, ఈ సినిమా మొత్తం మీద నాకు పూర్తిగా కనిపించింది ఆ సీనొక్కటే.

తరవాత రాకుమారుడు సినిమా అయ్యేదాకా ఆకాశంలోకి చూస్తూ మాట్లాడతాడు. చూపులేనివాళ్ళు అలా మాట్లాడరు. మావయ్య మన గొంతు ఎటుంటే అటే మొహం తిప్పుతాడు. ఆ నటుడికి ఏమీ తెలియదు.

ఒళ్ళంతా చెమటలు. హాల్లో ఉక్కగా ఉంది.

జనవరి 24

పేజీ ఇవ్వలేదు. మావయ్యకి కథ చెప్పలేదు. తలనొప్పి అన్నాను.

జనవరి 27, శనివారం

సైకిల్‌కి లైటు లేదు.

జనవరి 28, ఆదివారం

రాసుకుంటే కాస్త తేలికపడతానేమో.

నిన్న సాయంత్రం ఏడింటికి రెండో హోటల్లో దుప్పట్లు ఎక్కించుకుని స్కూలు పక్క సందులోకి తిప్పాను. దబ్బుమని చప్పుడైంది. దిగి చూస్తే ఒకాయన రోడ్డు మీద ఒక పక్కకి పడి ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. కుడిచేతిని కడుపులోకి అదుముకుని పళ్ళు కొరుకుతున్నాడు. సైకిలు చక్రం ఇంకా తిరుగుతోంది. రోడ్డంతా తాళంచెవులు. తాళాలు బాగుచేసే ఆయనట. మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఎవరూ ఏమీ అడగకముందే నేను అరిచాను: "సైకిల్‌కి లైటు లేదు! లైటు లేకుండా అడ్డమొచ్చేశాడు!"

ఇవాళ నాన్నతో కలిసి ఆస్పత్రికి వెళ్ళాను. మణికట్టు విరిగింది, రెండు వేళ్ళ నరాలు తెగాయి. చేతికి మోచెయ్యి దాకా కట్టు. ఆయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

"లైటు వేశాననే అనుకున్నాను బాబూ" అన్నాడాయన.

"లేదండీ" అన్నాను.

"వెయ్యలేదేమోలే. నువ్వు కళ్ళారా చూశావు కదా."

"నేను చెబుతూనే ఉన్నాను. చీకటి పడ్డాక బయటికి పోవద్దంటే వింటారా!" అంది ఆవిడ.

ఆయన ఎడమచేత్తో నా భుజం తట్టాడు. "బెదిరిపోకు. నీ తప్పేం లేదని పోలీసులకి కూడా చెప్పాను. నాదే పొరపాటు."

దారిలో నాన్న, "మంచివాడు దొరికాడు, బతికిపోయాం" అన్నాడు.

జనవరి 29

సైకిల్‌కి లైటు లేదు. కానిస్టేబులు కూడా అలాగే రాసుకున్నాడు.

జనవరి 30, మంగళవారం

యుద్ధం సినిమా. ఇంటర్వెల్లు లోపే ఓ అయిదువందలమంది చచ్చారు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. మధ్యలో లేచి బయటికొచ్చేశాను.

ఫిబ్రవరి 1, గురువారం

వ్యాను నడపడానికి భయంగా ఉందని నాన్నతో చెప్పాను. ఆయన నడుముకి బెల్టు పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"తప్పు నీది కాదు కదరా. ఎవడో చూసుకోకుండా వచ్చి తగిలితే మనం పని మానుకుంటామా?"

వెళ్ళాను. ఒక సిటీ బస్సు వెనకాల చేరి, దాని ఎర్రలైట్లు పట్టుకుని పాక్కుంటూ నడిపాను. బస్సు ఆగితే ఆగాను. అది వేరే దారిలోకి తిరిగితే నేనూ తిరిగాను, ఎక్కడికి పోతున్నానో తెలియకుండా. లాండ్రీకి చేరేసరికి గంటంపావు ఆలస్యం. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. అమ్మ అక్కడే చిరిగిన దుప్పట్లు కుడుతుంది. నన్ను చూసి ఏమీ అడగలేదు. ఎందుకు ఆలస్యమైందని అడగాలి కదా. అడగలేదు.

ఫిబ్రవరి 3, శనివారం

మళ్ళీ వెళ్ళాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

మహమ్మారి వచ్చిన ఊరి కథ. రోగం అంటిన ఇంటి తలుపుకి సున్నంతో గుర్తు వేసి బయటినుంచి గొళ్ళెం పెడతారు. లోపలున్నవాడు తలుపు బాదుతూ, "నాకేం లేదు, నేను బాగానే ఉన్నాను" అంటాడు. నా పక్క కుర్చీ అమ్మాయి ఏడ్చింది.

ఫిబ్రవరి 7, బుధవారం

కథ మొదలుపెట్టబోతుంటే మావయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఆ మఠం సినిమా ఫోన్లో పెట్టించుకుని విన్నాన్రా. రెండుసార్లు."

"బాగుందా?"

"బాగుంది. విషం పెట్టినవాడు కుంటడు."

కుర్చీ వెనక్కి జరిపాను.

"కుంటేవాడికి ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా పడుతుంది. ఆ సినిమాలో అందరూ శుభ్రంగా నడిచారు. చెంప మీద గాటు సంగతి నాకు తెలీదనుకో. అదీ నువ్వు పెట్టిందేనా?"

"వేరే సినిమాతో కలిపేసుకుని ఉంటాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటి ఎన్నాళ్ళ నుంచి?"

"ఒరేయ్, గుమ్మం దగ్గర నా కర్రని నిన్న మూడుసార్లు తన్నావు. లైటు వెయ్యకముందు నడవలో నీ భుజం గోడకి రాసుకునే చప్పుడు వినిపిస్తుంది నాకు. నేనూ అలాగే నడిచాను, ఇరవై మూడేళ్ళప్పుడు. కళ్ళజోడు మార్పించాలని అందరికీ చెప్పుకు తిరిగాను."

"నీకు జ్వరం వచ్చి కదా పోయింది?"

"జ్వరం లేదు, గిరం లేదు. మా మేనమామకీ ఇలాగే పోయింది. మొదట రేచీకటి అంటారు. తరవాత పగటిక్కూడా పాకుతుంది. నువ్వు పుట్టినప్పటి నుంచీ మీ అమ్మ ఆ జ్వరం కథ చెప్పుకుంటోంది. చెప్పీ చెప్పీ తనే నమ్మేసింది."

కోపం ముంచుకొచ్చింది. "నీకు పోయిందని అందరికీ పోతుందా?" అని అరిచి లేచాను. లేచి, తలుపు రెక్కకి నుదురు కొట్టుకున్నాను. మావయ్య ఆ చప్పుడు విన్నాడు.

ఫిబ్రవరి 8, గురువారం

కడుపునొప్పి అని పడుకున్నాను. నాన్న బెల్టు బిగించుకుని తనే వెళ్ళాడు.

సైకిల్‌కి లైటు ఉంది.

ఉంది. గుద్దినప్పుడు ఊడిపోయింది, అయినా వెలుగుతూనే ఉంది. రోడ్డు మీద దొర్లుకుంటూ కాలవ అంచు దాకా వెళ్ళింది. సైకిలు ముందు ఉన్నంతసేపూ నాకు కనపడనిది అప్పుడు కనపడింది. చిన్న తెల్లటి లైటు. జనం వచ్చేలోపు కాలితో కాలవలోకి తోసేశాను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

అమ్మ కుట్టుపని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"నీకు తెలుసా అమ్మా?"

దేని గురించి అని అడగలేదు. సూది ఆపింది.

"నీ చిన్నప్పుడు గుండీలాట ఆడుకునేవాళ్ళం, గుర్తుందా?"

గుర్తుంది. సాయంత్రం లైటు వెయ్యకుండా డబ్బాలో గుండీలన్నీ నేల మీద పోసేది. అన్నీ ఏరితే ముద్దు పెట్టేది. నాకు అది ఆట.

"పదేళ్ళు వచ్చేదాకా ఏరించాను. ఒక్కటంటే ఒక్కటి వదిలేవాడివి కాదు. ఇంక నీకు రాదనుకున్నాను. ఆ రోజు ఎంత ఏడ్చానో, సంతోషంతో." దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది. "నా వల్లే వచ్చింది నాన్నా. నా తమ్ముడికి మా అమ్మ వల్ల వచ్చింది, అయినా వాడికి ఆమె మీద కోపం లేదు. నీకు నా మీద ఉంటే ఉండనీ."

కోపం ఉంది. ఆమె మీద కాదు అని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను.

ఫిబ్రవరి 12, సోమవారం

కంటి ఆస్పత్రి. గిన్నెలాంటి మెషీన్లో మొహం పెట్టి, చుక్క కనిపించినప్పుడల్లా బటను నొక్కమన్నారు. చాలాసేపు ఒక్క చుక్కా రాలేదు. మెషీను పాడైందా అని అడిగాను. ఆ అమ్మాయి రెండో కంటికి మార్చింది.

డాక్టరు కాగితం మీద గుండ్రంగా గీసి, అంచులన్నీ పెన్సిలుతో నల్లగా నింపాడు. మధ్యలో రూపాయి బిళ్ళంత తెల్లగా వదిలాడు.

"ప్రస్తుతం ఇంత ఉంది."

"మందు?"

"లేదు."

"ఎన్నాళ్ళు?"

"ఖచ్చితంగా చెప్పలేం. పదేళ్ళు కావచ్చు, ఇంకా ఎక్కువ కావచ్చు. బండి నడపడం లేదు కదా?"

"లేదండీ" అన్నాను.

ఇంటికి రాగానే నాన్నతో చెప్పాను, కళ్ళ సంగతి. లైటు సంగతి చెప్పలేదు. ఆయన వ్యాను తాళాలు నా చేతిలోంచి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

ఫిబ్రవరి 14

మేడమ్‌కి ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. "మీరు చూపించిన ఆరు సినిమాల్లో నేను చూసింది మంటలు, మంచు, పగటి సీన్లు. మిగతాది పక్కవాళ్ళ మాటలు విని రాశాను. పాత పేజీలన్నీ కొట్టెయ్యండి."

ఫిబ్రవరి 15

మేడమ్ పిలిచారు. నా పేజీలన్నీ బల్ల మీద పెట్టుకున్నారు.

"ముందే చెప్పి ఉండాల్సింది."

"నాకే తెలియదు మేడమ్."

"తెలియదా?"

నేలకేసి చూశాను.

"రాతప్రతుల గదిలో లైటు ఎక్కువ పెట్టనివ్వరు, కాగితం పాడవుతుందని. నీకు తెలుసుగా" అన్నారు. చాలా మెత్తగా అన్నారు. అరిచి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 19

రేపు తాళాలాయన దగ్గరికి వెళ్తాను.

ఫిబ్రవరి 20

ఇవాళ సినిమా ఉంది. రేపు.

ఫిబ్రవరి 22

రాతప్రతుల గది తలుపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా అక్కడే కూర్చున్నాను. చదువుతున్నానని కూడా అనలేను, ఆకలిగొన్నవాడు మింగినట్టు మింగుతున్నాను. ఇంకా ఎన్ని పేజీలు చదవగలనో అంచనా వేశాను. ఆ కాగితం చింపేశాను. ఇరవై రెండేళ్ళు నాకు! ఎవడి కొంపకి నిప్పు పెట్టానని నాకీ శిక్ష?

ఒకడి చెయ్యి విరగ్గొట్టావు. అది కళ్ళు పోతున్నాయని తెలిశాక కాదు, ముందు. అయినా విరగ్గొట్టావు.

ఫిబ్రవరి 27, మంగళవారం

సీటు పొడుగుకి వచ్చింది. నా దగ్గరికొచ్చి, "ఒరేయ్, నేను వద్దని చెప్పేస్తాను" అన్నాడు. వాడు వద్దని చెప్పడు, నేను చెప్పమనను.

మార్చి 3

ఇవాళ పక్క మీంచి లేవలేదు. అమ్మ పళ్ళెం తెచ్చి పెట్టింది, తీసుకెళ్ళింది.

మార్చి 6, బుధవారం

మావయ్య వచ్చి మంచం మీద కూర్చున్నాడు. లైటు సంగతి మొత్తం ఆయనతో చెప్పేశాను. ఓదారుస్తాడనుకున్నాను.

"కళ్ళు పోవడం నీ చేతుల్లో లేదు. అది మాత్రం నీ చేతుల్లో ఉన్న పని. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావు?" అన్నాడు. అంతే, కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు. నాతో అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మార్చి 8, శుక్రవారం

నాన్నకి చెప్పాను. చెంప మీద కొట్టాడు. తరవాత, "సోమవారం స్టేషనుకి ఇద్దరం వెళదాం. ముందు ఆయనకి చెప్పు" అన్నాడు.

మార్చి 9, శనివారం

వాళ్ళది మూడో అంతస్తు. పొద్దు వాలుతుండగా వెళ్ళాను. ఆయనే తలుపు తీశాడు. కట్టు విప్పేశారు. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు, చూపుడు వేలు, దాని పక్కది.

"రా బాబూ, రా! ఇంకా గుర్తుపెట్టుకుని వచ్చావు" అన్నాడు. భార్యని కేకేసి మంచినీళ్ళు తెమ్మన్నాడు.

ఆవిడ గ్లాసు ఇస్తూ చెప్పింది. సైకిలు అమ్మేశారట. ఆయన్ని ఒంటరిగా రోడ్డు దాటనివ్వడం లేదట. "కళ్ళు పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయన్నారు. అయితే బుర్రకే ఏదో వచ్చిందని భయం. గ్యాసు కట్టేశానా లేదా అని పదిసార్లు లేచి చూసుకుంటారు. నిన్న తలుపు తాళం వేసి, వెయ్యలేదని మళ్ళీ మెట్లెక్కి వచ్చారు. తాళాలు బాగుచేసే మనిషి!"

ఆయన నవ్వాడు. "వయసు బాబూ. లైటు వేశానని ఒట్టేసి చెప్పేవాణ్ణి. ఇప్పటికీ స్విచ్చి నొక్కినట్టే గుర్తు. మన గుర్తు మనల్నే మోసం చేస్తే ఇంక ఏం నమ్ముతాం?"

గ్లాసు కింద పెట్టాను.

"మీరు లైటు వేశారండీ."

"ఏంటి?"

"లైటు వెలుగుతోంది. నేనే చూడలేదు. నాకు చీకట్లో కనపడదు. నా కళ్ళు పోతున్నాయి. అప్పటికే అనుమానం ఉంది, అయినా బండి నడిపాను. మీ లైటు రోడ్డు మీద పడి వెలుగుతుంటే నేనే కాలవలోకి తన్నాను. మీ తప్పు ఏమీ లేదు."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన నన్ను తిడతాడని, కొడతాడని కాచుకుని ఉన్నాను.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోందండీ."

"విన్నావా?" అన్నాడు భార్యతో. గొంతు పైకి లేచింది. "విన్నావా? నొక్కాను. నేను నొక్కాను!" ఫోను తీసి, ఎడమచేత్తో తడబడుతూ కూతురి నంబరు కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. "మా అమ్మాయికి చెప్పు. పిచ్చిది, నన్ను తన దగ్గరికి తీసుకుపోయి గదిలో కూర్చోబెడతానంటోంది. చెప్పు."

ఎవరో తెలియని ఆవిడకి మూడోసారి చెప్పాను. అవతల ఆవిడ ఏడుపు.

ఫోను తీసుకుని ఆయన నా వైపు చూశాడు. అప్పుడు వచ్చింది కోపం. "నలభై రోజులు. నలభై రోజులు నేను నన్ను తిట్టుకున్నాను. నీకు ఇంట్లో అన్నం ఎలా సహించింది?" అన్నాడు. పనిచెయ్యని ఆ రెండు వేళ్ళూ నా మొహం ముందు పెట్టాడు. "దీనికి ఏం చెబుతావు?"

"ఏం చెప్పలేనండీ."

"పో. నీ కళ్ళ సంగతి విని జాలి పడాలి నేను. ఇవాళ పడలేను. పో."

బయటికొచ్చాను. మెట్ల మీద లైటు లేదు. ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగుతుంటే పైన ఆయన పక్కింటి తలుపు తట్టడం వినిపించింది. తరవాత ఆ పై ఇంటి తలుపు. ఎవరెవరో తలుపులు తీస్తున్నారు. అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు, నవ్వుతూనో ఏడుస్తూనో:

"నాకు బాగానే గుర్తుంటుందండీ. నాకు అన్నీ బాగానే గుర్తుంటాయి."